అంగూర్ బెంచీకి రెండో పాట

కొత్వాల్‌గూడలో గోపయ్యను ఎవరూ వట్టి గోపయ్య అనరు, రెండో పాట గోపయ్య అంటారు. అలాగని ఆయన గొంతెత్తి పాడతాడని కాదు, ఆయన గొంతు వింటే బర్రెలు కూడా బెదురుతాయి. ఆయన పాడేది వేలంపాట. వినాయక నిమజ్జనం నాటి పొద్దున వాళ్ల వాడ మండపంలో లడ్డూ వేలం వేస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆ వేలంలో గోపయ్య పాడని ఏడు లేదు, గెలిచిన ఏడూ లేదు.

చేతకాక ఓడిపోతాడనుకుంటే పొరపాటు. ఓడిపోవడమే ఆయన విద్య. మండపం కమిటీ పెద్ద రాఘవేందర్ ముందురోజు సాయంత్రం గుమ్మం దగ్గరికి వచ్చి, "కాకా, రేపు జర చూస్కో" అని వెళ్లిపోతాడు. మర్నాడు గోపయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు వరుసలో నిలబడి, లడ్డూ మీద కన్నేసిన ప్లాట్ల వ్యాపారిని మెట్టు మెట్టుగా పైకెక్కిస్తాడు. ఎదుటివాడి చెవులు ఎర్రబడితే అతని దగ్గర ఇంకా రెండు పాటలున్నాయని గుర్తు. మెడలో గొలుసు సర్దుకుంటే ఒక్కటే మిగిలిందని గుర్తు. మొహం తుడుచుకున్నాడా, పని అయిపోయినట్టే. ఆ క్షణాన గోపయ్య రెండు చేతులూ జోడించి, "ఇగ మీదే అన్నా" అని తప్పుకుంటాడు. ఒక్క పాట ఎక్కువైతే లడ్డూ తన మెడకే చుట్టుకుంటుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా చుట్టుకోలేదు.

గెలిచినవాడికి దండ వేస్తారు, డప్పులతో ఇంటిదాకా తీసుకుపోతారు. అయితే ఆ వాడకు ఒక మర్యాద ఉంది. లడ్డూ విరిచాక మొదటి ముద్ద గెలిచినవాడు తినడు, రెండో పాటవాడి చేతిలో పెడతాడు. నువ్వు పోటీకి నిలబడ్డావు కాబట్టే నా గెలుపుకు విలువ వచ్చిందని దానర్థం. అలా ఇరవై రెండు మొదటి ముద్దలు తిన్నవాడు గోపయ్య. గెలిచినవాళ్ల పేర్లు ఊళ్లో సగం మందికి గుర్తులేవు గాని, గోపయ్యను మరిచినవాడు లేడు.

అలాంటి మనిషికి అరవై మూడేళ్ల వయసులో, మొట్టమొదటిసారి గెలిచి తీరవలసిన అవసరం వచ్చింది.

ఆ అవసరం ఆయన భార్య ఈరమ్మది. హిమాయత్‌సాగర్ వైపు కౌసల్యమ్మ గారి తోటలో ఈరమ్మ ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. మొక్కలకు నీళ్లు పట్టేది, కలుపు తీసేది, ఎండాకులు ఊడ్చేది. ఆ తోట మధ్యలో ఒక బెంచీ ఉండేది. పోత ఇనుముతో చేసింది, నూట యాభై ఏళ్ల నాటిదట, ఓడలో వచ్చిందట. వీపు ఆనించే చోట తీగలు, తీగల మీద ఆకులు, ఆకుల కింద గుత్తులు గుత్తులుగా ద్రాక్షపళ్లు, కూర్చునే చోటా ఆకులే, అన్నీ ఇనుమే. ఈరమ్మ దాన్ని అంగూర్ బెంచీ అనేది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఎటు చూసినా అంగూర్ తోటలే. విమానాలొచ్చి, వెంచర్లొచ్చి అవన్నీ పోయాక, ఆ ప్రాంతంలో మిగిలిన అంగూర్ ఆ బెంచీ మీదిదే.

వారానికొకసారి దాన్ని తుడిచి, కొబ్బరినూనె గుడ్డతో రుద్దడం ఈరమ్మ పని. అంతా రుద్దాక దాని పక్కన నేల మీద కూర్చుని సద్ది విప్పుకునేది. కౌసల్యమ్మ గారు చెడ్డ మనిషి కాదు. పండక్కి చీర పెట్టేది, జ్వరమొస్తే దవాఖానకు పంపేది. బెంచీ పక్కనే పేము కుర్చీ వేసుకుని టీ తాగుతూ లోకం సంగతులన్నీ ఈరమ్మకు చెప్పేది. ఆవిడ పేపరు, కళ్లద్దాల డబ్బా, ఒక బూడిదరంగు పిల్లి మాత్రం బెంచీ మీద ఉండేవి. బెంచీ మీద కూర్చోవద్దని ఈరమ్మతో ఆవిడ ఏనాడూ అనలేదు. కూర్చోమని కూడా అనలేదు. ఆ అనకపోవడమే ఈరమ్మ మనసులో ముల్లులా ఉండిపోయింది.

"పిల్లి కూసుంటది గదనయ్యా దాని మీద" అనేది మొగుడితో. "నేను పిల్లి కన్న కనాకష్టమా?"

ఇప్పుడు కౌసల్యమ్మ గారు లేరు. ఆవిడ మేనల్లుళ్లు తోట అమ్మేసి, సామాను వేలానికి పెట్టారు. శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు మీద ఒక ఫంక్షన్‌హాల్లో ఆదివారం పొద్దున వేలం అని తెలిసింది. అప్పటికి ఈరమ్మ మోకాళ్లు ఏడాదిగా మొండికేస్తున్నాయి. నేల మీద కూర్చుంటే లేవలేదు. అలాంటిది ఆమె నోరు తెరిచి అడిగింది.

"నీ ఇంట్లకొచ్చి నలభై ఏండ్లాయె. బంగారం అడగలె, పట్టుచీర అడగలె. గా అంగూర్ బెంచీ నాకు కావాలె. నా వాకిట్ల ఏసుకొని, దాని మీద కూసొని చాయ్ తాగాలె."

గోపయ్య మాట తప్పడు. ఆ వారమే ఒక బర్రెను అమ్మాడు. అరవై వేలు వచ్చాయి. "వేలంపాట గురించి నాకు చెప్తున్నవా? నీ బెంచీ నీ వాకిట్ల ఉన్నదనుకో" అన్నాడు. మోసుకురావడానికి రాఘవేందర్‌ను అడిగి అతని ట్రాక్టరు కూడా మాట్లాడి పెట్టాడు.

హాల్లో ఏసీ చల్లగా ఉంది. వేదిక మీద కౌసల్యమ్మ గారి సామానంతా వరసగా పెట్టారు. పూలకుండీల స్టాండు, గుండ్రటి బల్ల, గొడుగులు పెట్టుకునేది, నెమలి బొమ్మ గేటు, అన్నీ పోత ఇనుముతో చేసినవే. చివరన అంగూర్ బెంచీ. "దుమ్ము వట్టింది, సూడు" అని ఈరమ్మ బాధపడింది. వేలం వేసేది అనుపమ అనే అమ్మాయి, చేతిలో చిన్న చెక్క సుత్తి. గుమ్మం దగ్గర ఆధార్ కార్డు చూసి గోపయ్యకు పదిహేడో నంబరు అట్ట ఇచ్చారు. ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, విసురుకోవడానికి అనుకున్నాడు.

మిగతావి ఒక్కొక్కటే పోయాయి. జనం అట్టలు ఎత్తడం, దించడం తప్ప ఎవరూ నోరు మెదపడం లేదు. గోపయ్యకు అది వేలంలాగే అనిపించలేదు. చావింట్లో కూడా ఇంతకన్నా సందడి ఉంటుంది.

"ద్రాక్షతీగల బెంచీ" అంది అనుపమ. "పది వేల నుంచి మొదలుపెడదాం."

గోపయ్య లేచి, కండువా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. "గణపయ్య దయతోని, మా వాడ పెద్దల ఆశీర్వాదంతోని, కొత్వాల్‌గూడ గోపయ్య పాట, పది వేలూ!"

ముందు వరుసలో ఒకావిడ ఉలిక్కిపడి చేతిలో సెల్‌ఫోను జారవిడిచింది.

"పెద్దాయనా, అరవక్కర్లేదండీ. అట్ట ఎత్తితే చాలు" అంది అనుపమ నవ్వాపుకుంటూ. "పది వేలు. ఇంకెవరైనా? పది వేలు, ఒకటోసారి."

ఎవరూ అట్ట ఎత్తలేదు. బరువు చూసి భయపడ్డారో, ఎక్కడ పెట్టుకుంటామనుకున్నారో. ఈరమ్మ మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"పది వేలు, రెండోసారి."

ఇంకొక్క మాట. ఆ ఒక్క మాట వచ్చేదాకా గోపయ్య నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, ఈరమ్మ ఆ సాయంత్రమే బెంచీ మీద చాయ్ తాగేది. కానీ గోపయ్యకు తల కొట్టేసినట్టయింది. పోటీ లేకుండా, మొదటి పాటకే, అనాథలా పోతుందా కౌసల్యమ్మ గారి బెంచీ? తన భార్య ముప్పై ఒక్క ఏళ్లు నూనె రుద్దిన బెంచీ? వాళ్ల వాడలో లడ్డూ మొదటి పాటకే పోతే ఏడాదిపాటు పక్క వాడవాళ్ల ముందు తలెత్తుకోలేరు. ఎవరూ పాడకపోతే పాడినవాడే తన మీద తను పెంచుకుంటాడు, అది దేవుడికిచ్చే గౌరవం.

"పన్నెండు వేలూ!" అన్నాడు గోపయ్య.

అనుపమ సుత్తి గాల్లోనే ఆగిపోయింది. "మీ పది వేల మీద ఎవరూ పాడలేదండీ. మీ మీద మీరే పెంచుకుంటున్నారు."

"ఎరుకనే బిడ్డా. జర మర్యాద ఉండద్దా? రాస్కో, పదిహేను వేలు!"

ఈరమ్మ ఆయన తొడ మీద గట్టిగా గిల్లింది. "ఏం రోగమయ్యా నీకు? ఊకో!"

సరిగ్గా అప్పుడే వెనక వరుసలో ఒక మనిషి నిటారుగా కూర్చున్నాడు. ఆయన శ్రీరామమూర్తి, రిటైరైన ఇంజనీరు, రాజమండ్రి నుంచి వచ్చి బుద్వేల్‌లో ఇల్లు కట్టుకుని పాతికేళ్లయింది. మరదలిని విశాఖపట్నం విమానం ఎక్కించి తిరిగొస్తూ, ఎండ చూసి, కాసేపు ఏసీలో కూర్చుందామని భార్య విజయతో లోపలికి వచ్చాడు. నంబరు అట్ట ఊరికే ఇస్తున్నారు కదా అని తీసుకున్నాడు. కొనే ఉద్దేశం ఆయనకు ఇసుమంత కూడా లేదు.

"చూశావా విజయా" అన్నాడు గుసగుసగా, గోపయ్యకు కూడా వినపడేంత గుసగుసగా. "ఎవరూ పాడకుండానే తన మీద తనే పెంచుకుంటున్నాడు. అంటే దాని అసలు విలువ ఆయనకొక్కడికే తెలుసన్నమాట."

"మనం మంచినీళ్లు తాగిపోదామని వచ్చామండీ" అంది విజయ.

శ్రీరామమూర్తి అట్ట ఎత్తాడు. పద్దెనిమిది వేలు.

గోపయ్య వెనక్కి తిరిగి చూశాడు. బట్టతల, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, ఇస్త్రీ నలగని చొక్కా. గోపయ్య ఒంట్లో ఇరవై రెండేళ్ల నిమజ్జనాలు ఒక్కసారిగా లేచి కూర్చున్నాయి. పోటీ దొరికింది! ఇప్పుడైంది ఇది వేలం!

"ఇరవయ్యీ!"

తర్వాత జరిగినదాన్ని హాల్లో ఉన్నవాళ్లు చాలాకాలం చెప్పుకుని ఉంటారు. శ్రీరామమూర్తి అట్ట ఎత్తుతాడు, గోపయ్య వాడ పెద్దలందరినీ తలుచుకుంటూ అరుస్తాడు. మధ్యలో విమానమొకటి హాలు కప్పు మీద నుంచే పోతున్నట్టు పోయింది. దాని మోతలో అనుపమ ఆగిపోయింది గాని గోపయ్య ఆగలేదు, విమానం కన్నా ఒక పిసరు పైన పాడాడు. ముప్పై దాటింది. నలభై దగ్గర శ్రీరామమూర్తి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకా రెండున్నాయి, అనుకున్నాడు గోపయ్య హాయిగా. నలభై అయిదు దగ్గర ఆ పెద్దమనిషి మెడలో గొలుసు లేదు కాబట్టి కాలరు సర్దుకున్నాడు. ఇంకొక్కటి. జనం చప్పట్లు కొడుతున్నారు. గోపయ్య తానెక్కడున్నాడో, ఎందుకొచ్చాడో, పక్కన ఎవరు కూర్చున్నారో అన్నీ మరిచిపోయాడు.

శ్రీరామమూర్తి యాభై వేలకు అట్ట ఎత్తి, కళ్లద్దాలు తీసి, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఇక ఆయన దగ్గర ఏమీ లేదు. ఒక్క వెయ్యి, ఒకే ఒక్క వెయ్యి పెంచితే బెంచీ ఈరమ్మది. ఈరమ్మ ఒళ్లోని సంచిలో బర్రె అమ్మిన అరవై వేలూ ఉన్నాయి, యాభై పోయినా ఇంకా పది వేలు మిగులే. మనిషి మొహం చూసి లోపలి సంగతి చెప్పగల గోపయ్యకు ఆ సంగతి హాల్లో అందరికన్నా బాగా తెలుసు. కానీ ఎదుటివాడు మొహం తుడుచుకున్నప్పుడు ఏం చెయ్యాలో ఆయన చేతులకు ఆయన కన్నా ముందే తెలుసు. అవి వాటంతటవే లేచాయి. పదిహేడో నంబరు అట్టను మధ్యలో ఇరికించుకుని మరీ జోడయ్యాయి.

"ఇగ మీదే సారూ" అంది ఆయన నోరు.

సుత్తి టక్కుమంది. చప్పట్లు మోగాయి. గోపయ్య అలవాటుగా నాలుగు వైపులా దండం పెట్టి, తృప్తిగా కూర్చుని, భార్య మొహం చూశాడు.

అప్పుడు గుర్తొచ్చింది.

ఈరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఏ మాటలు ఏ వరుసలో వస్తాయో నలభై ఏళ్లుగా ఆయనకు కంఠతా వచ్చు. ఆమె సంచి మూతి బిగించి కట్టుకుంది, మోకాలు పట్టుకుని లేచింది. "పా, పోదాం" అంది. గొంతులో కోపం కూడా లేదు. గోపయ్యకు ఏడుపొచ్చింది. తన విద్య మీద తనకే అసహ్యమేసింది. ఊరందరి కోసం ఓడిపోయి చప్పట్లు కొట్టించుకున్న మనిషి, ఇంటి మనిషి కోసం ఒక్కసారి గెలవలేకపోయాడు.

ఆమె వెనకాలే గుమ్మం దాకా వెళ్లినవాడు ఆగాడు. లడ్డూ గుర్తొచ్చింది. గిరుక్కున వెనక్కి తిరిగి, వేదిక దగ్గర బెంచీ చుట్టూ తిరుగుతూ తాను కొన్నదేమిటో చూసుకుంటున్న శ్రీరామమూర్తి ముందుకెళ్లి నిలబడ్డాడు.

"సారూ, మీరు గెల్చిన్రు, సంతోషం. నా మొదటి ముద్ద నాకియ్యున్రి."

శ్రీరామమూర్తి కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ముద్దా? ఏం ముద్దండీ?"

గోపయ్య మండపం సంగతి, మొదటి ముద్ద మర్యాద, ఇరవై రెండేళ్ల చరిత్ర అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అది లడ్డూ కదండీ. ఇది ఇనుము" అన్నాడు శ్రీరామమూర్తి బిక్కమొహంతో. "ఇందులో మీకు వాటా ఎలా ఇవ్వను? కొయ్యమంటారా?"

"కొయ్యుడు ఎందుకు సారూ? బెంచీ మీదే. దాని మీద మొదటి కూసునుడు మాది. అది గూడ నాది గాదు, మా ఇంటామెది." గోపయ్య గుమ్మం వైపు చెయ్యి చూపాడు. "ముప్పై ఒక్క ఏండ్లు తుడిచింది దీన్ని. ఒక్కనాడు కూసోలె."

శ్రీరామమూర్తి ఏమనేవాడో గాని విజయ ఆయన్ని అననివ్వలేదు. గుమ్మం దగ్గర మోకాలు పట్టుకుని నిలబడ్డ ఈరమ్మ దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "కూర్చోమ్మా. నిలబడ్డావేం? కూర్చో" అంది.

ఆ బెంచీ దగ్గర ఈరమ్మను కూర్చోమన్న మొదటి మనిషి ఆవిడే. ఈరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా వెంటనే కూర్చోలేదు. అలవాటు కొద్దీ కొంగుతో కూర్చునే చోటు తుడిచింది, తీగలు తుడిచింది, ఆకుల సందుల్లో వేలుపెట్టి దుమ్ము తీసింది. ఆ తర్వాత పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురిలా మెల్లగా, నిండుగా కూర్చుంది. వెనక్కి ఆనుకుంది.

హాల్లో మూటలు కట్టే కూలీలు కూడా పని ఆపి చూశారు. ఈరమ్మ మొహం మారింది. కొంచెం ఎడమకు జరిగింది. తర్వాత కుడికి జరిగింది. ముందుకు వంగింది. మళ్లీ ఆనుకుని, ఉలిక్కిపడి, నిటారుగా అయింది.

"ఎట్లున్నది?" అన్నాడు గోపయ్య.

"అంగూర్ గుచ్చుతున్నదయ్యా" అంది ఈరమ్మ. "నడ్డిల. గీడొకటి, గీడొకటి. కింద ఆకులు గుచ్చుతున్నయి. మంచు లెక్క సల్లగున్నది." ఏదో తట్టినట్టు కళ్లు పెద్దవయ్యాయి. "ఓ యమ్మా! గందుకే దొరసాని పేము కుర్చేసుకునేది! ముప్పై ఒక్క ఏండ్లల ఆమె గూడ దీని మీద కూసున్నది నేను చూడలె. కూసో అని నాకెట్ల చెప్తది? పిల్లికి చెప్పరాక దాన్నట్ల ఇడిసిపెట్టింది!"

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే మళ్లీ నవ్వింది. ముప్పై ఒక్క ఏళ్ల ముల్లు ఇంత సులువుగా ఊడి వస్తుందని ఆమె అనుకోలేదు. విజయ కూడా నవ్వింది. నవ్వనిది శ్రీరామమూర్తి ఒక్కడే. ఆయన బెంచీ వంక, తన వీపు వైపు మార్చి మార్చి చూసుకుంటున్నాడు.

లేవబోయే ముందు ఈరమ్మ ఆయనకు అప్పగింతలు పెట్టింది. "సారూ, వానకాలం పదిరోజులకోసారి కొబ్బరినూనె రుద్దున్రి. పైపైన గాదు, ఆకుల కిందికెల్లి. నీళ్లు ఆడ్నే నిలుస్తయి. ఎడమ కాలు జర బెణికింది, దాని మీద బరువెయ్యకున్రి. మంచిగ చూస్కోన్రి." ఆయన తల ఊపాడు. ఇనుప గుత్తిని ఒకసారి నిమిరి, ఆమె వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

రోడ్డు మీద ఎండ మండిపోతోంది. నాలుగడుగులు వేశాక గోపయ్య మెల్లగా, "తప్పయిందే" అన్నాడు.

"ఏం తప్పు? నువ్వు గెల్చుంటే నా నడ్డి ఏంగావాలె?" అంది ఈరమ్మ. "గని ఇంకోసారి నాకోసం పాడబోతే ముందే చెప్పు, నీ చేతులు కట్టేస్త."

గోపయ్యకు ప్రాణం లేచొచ్చింది. బస్టాపు పక్కన ప్లాస్టిక్ సామాను దుకాణం ముందు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఈరమ్మ మోకాలు పట్టుకుని ఆగింది. దుకాణంవాడు ఒక కుర్చీ తీసి వేసి, "కూసో అక్కా" అన్నాడు. ఒకే రోజున రెండోసారి. ఆమె కూర్చుంది, ఆనుకుంది, చేతులు రెండూ పక్కల మీద చాపుకుంది. ఎర్రటి కుర్చీ, వీపు దగ్గర పువ్వూ లేదు, పిందే లేదు. పైనుంచి విమానం ఒకటి దిగుతూ పోయింది. ఈరమ్మ కళ్లు మూసుకుని, "అబ్బ, ఎంత హాయిగున్నది" అంది.

గోపయ్య నడుం మీద చేతులు పెట్టుకుని దుకాణంవాడి వైపు తిరిగాడు. "ఎంతనే కుర్చీ?"

"ఆరొందలు అన్నా."

గోపయ్య కండువా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఈరమ్మ కుర్చీలోంచి లేవకుండానే ఒక చేత్తో ఆయన చొక్కా పట్టి కిందికి గుంజి, రెండో చెయ్యి ఆయన నోటి మీద గట్టిగా అదిమి పెట్టింది.

"నాలుగొందలు" అంది దుకాణంవాడితో.